రాతి శాసనం - పోపుల డబ్బా

హుండీ అనగానే మనలో చాలామందికి తిరుపతి కొండ గుర్తొస్తుంది. గుడ్డ కట్టిన ఆ కొప్పెరలో చెయ్యి పెట్టి మనం ఏం వేశామో పక్కనున్నవాడికి తెలీదు. రూపాయి బిళ్ళ వేసినవాడూ, వేలి వుంగరం తీసి వేసినవాడూ ఒకేలా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని ముందుకు జరుగుతారు. ఎవరు వేశారో, ఎంత వేశారో ఆ స్వామికే ఎరుక.

కానీ పాతకాలపు వ్యాపారస్తుల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళనడగండి. వాళ్ళకి హుండీ అంటే కాగితం. 'ఫలానావారికి ఇంత సొమ్ము చెల్లించవలసింది' అని ఈ వూరి షావుకారు ఆ వూరి షావుకారుకి రాసే చీటీ. అందులో ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పటికి అన్నీ వుంటాయి. ఒక్క మాటకి ఎంత ఎదురుబొదురు అర్థాలో చూడండి! ఒక హుండీలో పేరు కరిగిపోతుంది. ఇంకో హుండీ పేరు మీదే నడుస్తుంది.

డబ్బు చరిత్రంతా ఈ రెండు హుండీల మధ్య జరిగిన లాగులాటేనేమో అనిపిస్తుంది నాకు. ఇప్పుడీ ఆలోచన ఎందుకొచ్చిందంటే, మా వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు మొన్న బిట్‌కాయిన్ గురించి తెగ పొగిడాడు. "అత్తా, దీంట్లో ఎవురు ఎవురికి దుడ్డు పంపిచ్చిరో కనుక్కునేకి ఎవురి తరమూ కాదు" అన్నాడు. వాడట్లా అంటాడా, పేపరు చూస్తేనేమో బిట్‌కాయిన్లు కొట్టేసిన దొంగలు ఆచూకీతో సహా దొరికిపోయినట్టు వార్తలు! గుట్టుగా వుండే డబ్బయితే దొంగలెట్లా దొరికారు? రట్టయ్యే డబ్బయితే దొంగలకి దాని మీద మోజెందుకు?

ఈ చిక్కు విప్పడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. ముందు లేపాక్షి పోదాం రండి.

2022లో జిల్లాలు విడదీసినప్పుడు లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గానీ, మా మనసుల్లో అది అనంతపురం జిల్లానే. ఏడాది పొడుగునా కలిపి అయిదువందల యాభై మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమ మాది. రాళ్ళకి మాత్రం కరువు లేదు. ఆ రాళ్ళ మీదే మా పెద్దవాళ్ళు లెక్కలు రాశారు.

వీరభద్రస్వామి గుడి కట్టించిన విరుపణ్ణ నాయకుడు, ఆయన తమ్ముడు వీరణ్ణ, పెనుగొండ సీమలో విజయనగర ప్రభువుల అధికారులు. అచ్యుత దేవరాయలు ఏలుతున్న రోజులు, అంటే 1529కీ 1542కీ మధ్య. గుడి గోడల మీదా బండల మీదా శాసనాలున్నాయి. దేవుడికి ఏ వూరు ఇచ్చారో, ఎవరిచ్చారో, ఏ రాజు కాలంలో ఇచ్చారో అన్నీ చెక్కించారు. మన శాసనాల్లో సూర్యచంద్రుల బొమ్మలు చూసే వుంటారు. వాళ్ళున్నన్నాళ్ళూ ఈ దానం చెల్లుతుందని అర్థం. చివర ఒక శాపం కూడా వుంటుంది. ఈ భూమిని తిరిగి లాక్కున్నవాడు అరవైవేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పడివుంటాడని. ఆ కాలపు తాళంకప్ప అదే!

శాసనం అంటే ఏమిటి మరి? అందరూ చూసే చోట పెట్టిన లెక్క. కాగితమైతే చింపొచ్చు, తాటాకైతే కాల్చొచ్చు. రాతి మీద చెరిపితే చెరిపిన గుర్తే సాక్ష్యం చెబుతుంది.

ఇంత పక్కాగా లెక్క రాయించిన విరుపణ్ణకి జనం కట్టిన కథ ఏమిటో మీకు తెలుసు. ఆయన కోశాధికారి అనీ, రాజు వూళ్ళో లేనప్పుడు ఖజానా సొమ్ము గుడికి తగలేశాడనీ, తిరిగొచ్చిన రాజు కళ్ళు తీయించమన్నాడనీ, ఆ మాట వినగానే విరుపణ్ణ తన కళ్ళు తనే పెరికి గోడకేసి కొట్టాడనీ చెబుతారు. కల్యాణ మంటపం అర్ధాంతరంగా ఆగిపోయింది అందుకేనంటారు. గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. ఇది జనం నోట నిలిచిన కథే తప్ప శాసనం చెప్పే కథ కాదు. అయినా ఇందులో ఒక పెద్ద నిజం వుంది. సొమ్ము ఖజానాలోంచి గుడికి వెళ్ళిందని ఎవరికైనా కనిపిస్తుంది, ఎదురుగా అంత గుడి వుంటే! కనిపించనిదల్లా ఒక్కటే - రాజుగారి అనుమతి వుందా లేదా అన్నది. డబ్బు పోయిన దారి రాయి చెబుతుంది. ఆ దారిన పంపే హక్కు పంపినవాడికి వుందా అన్నది రాయి చెప్పదు.

ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ పనికొస్తుంది.

నాణేల సంగతి వేరు. టిప్పు సుల్తాను మా గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడ నాణేలు కొట్టించాడు. ఆ బిళ్ళ తిప్పి చూస్తే ఏ వూళ్ళో పుట్టిందో తెలుస్తుంది. ఆ తరవాత ఎన్ని చేతులు మారిందో, ఏ సంతలో ఏ గొర్రెకి బదులు వచ్చిందో బిళ్ళ నోరు విప్పదు. నాణెం పుట్టుక చెబుతుంది, నడక చెప్పదు. వేల ఏళ్ళుగా సామాన్యుడి గుట్టు కాపాడింది ఈ మూగతనమే.

1800 అక్టోబరులో నిజాము ఈ సీమని ఇంగ్లీషు కుంపిణీకి ధారపోశాడు. అప్పుడొచ్చాడు థామస్ మన్రో. 1807 దాకా అనంతపురం కేంద్రంగా దత్తమండలాల కలెక్టరుగా పనిచేశాడు. అంతవరకూ పాళెగాడో, పెద్దరెడ్డో మధ్యలో నిలబడి వూరి తరఫున ఇంత అని కట్టేవాడు. ఎవరి పొలం ఎంతో, ఎవరి దగ్గర ఎంత గుంజాడో పైవాడికి పట్టేది కాదు. మన్రో చేను చేనుకీ కొలత వేయించి, రైతు రైతుకీ పట్టా ఇచ్చే పద్ధతి తెచ్చాడు. రైతు పేరు మొదటిసారి సర్కారు పుస్తకంలోకెక్కింది.

మంచిదే కదా అంటారా? సగం మంచిదే. పేరు ఎక్కినందువల్ల మధ్యవాడు ఇష్టమొచ్చినట్టు పిండుకోవడం తగ్గింది. కానీ పేరు ఎక్కినందువల్లే గట్టు పక్కన గుట్టుగా దున్నుకున్న ముక్క కూడా శిస్తులోకెక్కింది. వానలు లేని ఏడూ పుస్తకం పుస్తకమే! శిస్తు హెచ్చుగా వుందని మన్రోయే గ్రహించి, వెళ్ళేముందు 1807లో నూటికి పాతిక తగ్గించమని సిఫారసు చేశాడు. ఆయన మద్రాసు గవర్నరై 1820లో తిరిగొచ్చాక గానీ అది అమలుకి రాలేదు. లెక్క ఎంత ఖచ్చితంగా వున్నా, ఆ లెక్క చూసే కళ్ళల్లో దయ వుండాలి కదా!

ఇక కరణంగారి పుస్తకం. అది రాతి శాసనానికి తోడబుట్టిన శత్రువు. అన్నీ అందులో వుంటాయి, కానీ చదవగలిగేది ఆయనొక్కడే. ఎవరి పొలం ఎవరి పేరుకి మారిందో ఆయన కలానికి తెలుసు, ఆయన కలానికే తెలుసు. 1984లో మన రాష్ట్రంలో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా, పల్లెల్లో సగం భయం ఆ పుస్తకానిదే. లెక్క గుట్టుగా వుండడమంటే ఎప్పుడూ బీదవాడికి రక్షణ అనుకోకండి. గుట్టు ఎవరి చేతిలో వుందన్నది అసలు ప్రశ్న.

షావుకార్ల హుండీకి మాత్రం ముచ్చటైన పద్ధతులుండేవి. చూపిన వెంటనే చెల్లించేది దర్శనీ హుండీ. గడువు ప్రకారం చెల్లించేది ముద్దతీ హుండీ. పరువూ ప్రతిష్ఠా వున్న షావుకారు తెస్తేనే చెల్లించవలసింది షాజోగ్ హుండీ. చీటీ పోయిందా, దాని నకలు పేఠ్. అదీ పోయిందా, పర్‌పేఠ్. ఉత్తరాది వర్తకులు అచ్చుల గుర్తులు సరిగా పెట్టని గొలుసుకట్టు లిపిలో రాసుకునేవారు. బజారులో వున్నవాడికి అర్థమవుతుంది, బయటివాడికి అయోమయం. వాళ్ళలో వాళ్ళకి రట్టు, లోకానికి గుట్టు!

సరే, ఇప్పుడు మా కుర్రాడి బిట్‌కాయిన్ దగ్గరికొద్దాం.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో ఒక తొమ్మిది పేజీల వ్యాసం బయటపెట్టారు. 2009 జనవరిలో ఆ డబ్బు పుట్టింది. దానికి రిజర్వు బాంకు లేదు, నాణెం లేదు, నోటు లేదు. వున్నదల్లా ఒక పద్దు పుస్తకం. ఆ పుస్తకం ప్రతి లోకమంతటా వేలాది కంప్యూటర్లలో వుంటుంది. సుమారు పది నిమిషాలకొక పేజీ చేరుతుంది. ప్రతి పేజీలోనూ ముందు పేజీ ముద్ర వుంటుంది గనక, వెనకటి పేజీలో ఒక్క అంకె దిద్దాలన్నా ఆ తరవాతివన్నీ మళ్ళీ రాయాలి. అంటే ఏమిటన్నమాట? శాసనమే! శాపం బదులు గణితం వచ్చింది, అంతే తేడా.

మరి గుట్టు ఎక్కడుంది? పేర్లలో వుంది. ఆ పుస్తకంలో 'ఫలానా సుబ్బారాయుడు' అని వుండదు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి గుర్తు ఒకటి వుంటుంది. ఒకడే వంద గుర్తులు పెట్టుకోవచ్చు. సతోషి నకమోటో కూడా ఎవరో ఈనాటికీ తేలలేదు. చూశారా, ఇది మన వారపత్రికల వాళ్ళకి బాగా తెలిసిన విద్యే - కలం పేరు!

కలం పేరుతో నవలలు రాసినవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. ఆడపేరు పెట్టుకుని రాసిన మగవాళ్ళు ఎందరో ఒకప్పుడు. పాఠకులకి తెలిసేది కాదు. కానీ ఎన్నాళ్ళు దాగుతుంది? కథల్లో వూరి పేరు మార్చినా వూరి చెరువు అదే, వంటలు అవే, మేనత్త నోటి దురుసు అదే. నాలుగు కథలు పక్కపక్కన పెట్టి చదివిన గడుసు పాఠకురాలు 'ఇదంతా మా ఎదురింటాయన రాస్తున్నాడర్రా' అని పట్టేసేది. పోనీ అదీ లేదనుకోండి. పారితోషికం మనియార్డరు కలం పేరుకి రాదు కదా! పోస్టుమాను దగ్గర సంతకం పెట్టేటప్పుడు అసలు పేరు బయటపడాల్సిందే.

బిట్‌కాయిన్ దొంగలు దొరికేది సరిగ్గా ఈ రెండు దారుల్లోనే. మొదటిది పక్కపక్కన పెట్టి చదవడం. ఇల్లాలు చీర కొనడానికి పోపుల డబ్బాలోంచి కొంత, బియ్యం డ్రమ్ములోంచి కొంత, పరుపు కిందనుంచి కొంత తీసి ఒకేసారి కట్టిందనుకోండి. చూసినవాడికి ఏం అర్థమవుతుంది? ఆ మూడు చోట్లూ ఆవిడవేనని! పుస్తకంలో కూడా రెండు మూడు గుర్తుల్లోంచి ఒకేసారి సొమ్ము కదిలితే అవన్నీ ఒకే చేతివి కావచ్చని లెక్కగడతారు. ఇక రెండోది పోస్టుమాను దారి. ఆ డబ్బుని రూపాయలుగానో డాలర్లుగానో మార్చుకోవాలంటే ఏదో ఒక మారకపు కంపెనీకి వెళ్ళాలి. అక్కడ పాన్ కార్డు, ఆధార్ అడుగుతారు. కలం పేరుకీ అసలు పేరుకీ అక్కడ ముడిపడుతుంది. ఒక్కసారి ముడిపడిందా, పదేళ్ళ కిందటి పద్దులన్నీ కూడా పేరు తగిలించుకుని లేచి నిలబడతాయి. రాతి మీద వున్నది ఎక్కడికీ పోదు గదా.

2016 ఆగస్టులో బిట్‌ఫినెక్స్ అనే మారకపు సంస్థ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు దొంగతనంగా పోయాయి. ఆ సొమ్ము ఏ గుర్తు దగ్గర వుందో లోకమంతటికీ కనిపిస్తూనే వుంది. దొంగ ఎవరో తెలీదు. దొంగిలించిన నగని వీధి అరుగు మీద గాజుపెట్టెలో పెట్టుకుని కూర్చున్నట్టన్నమాట! అయిదేళ్ళకి పైగా గడిచాక, 2022 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం అందులో తొంభైనాలుగు వేలకి పైగా పట్టుకుని ఒక దంపతుల్ని అరెస్టు చేసింది. భర్త తరవాత నేరం ఒప్పుకున్నాడు.

అయితే కనిపించిందల్లా చేతికొస్తుందనుకునేరు! 2024 జులైలో మన దేశపు వజీర్‌ఎక్స్ అనే సంస్థ నుంచి ఇరవైమూడు కోట్ల డాలర్ల పైచిలుకు విలువ చేసే సొమ్ము పోయింది. అది ఉత్తర కొరియా ముఠాల పని అని 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి. సొమ్ము నడిచిన అడుగులు కనిపించాయి. దొంగని చెరలో పెట్టే చెయ్యి మాత్రం అక్కడిదాకా చాలలేదు.

అడుగులు చెరిపే విద్యలు కూడా పుట్టాయి మరి. పదిమంది సొమ్ము ఒక కుండలో పోసి కలిపి, ఎవరి భాగం వాళ్ళకి వేరే పేర్లతో ఇచ్చే యంత్రాలొచ్చాయి. 2014లో మొనేరో అనే డబ్బొచ్చింది. అందులో అసలు ఖర్చు పెట్టినవాడితో పాటు ఉత్తుత్తి వాళ్ళని కొందరిని వరసలో నిలబెడతారు. పెళ్ళిలో ముత్తయిదువలంతా ఒకే రంగు చీర కట్టుకుంటే వెనకనుంచి ఎవరు ఎవరో పోల్చుకోలేం చూడండి, అట్లాగ! సర్కార్లూ వూరుకోలేదు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఈ రకం ఆస్తుల లాభం మీద నూటికి ముప్ఫై పన్ను, జులై నుంచి అమ్మకం సొమ్ములో నూటికి ఒకటి ముందే కోత పెట్టారు. ఒక శాతం వల్ల ఖజానాకొచ్చే ఆదాయం సరే, ప్రతి అమ్మకం వెనకా ఒక పేరు నమోదవడం అంతకన్నా పెద్ద ఫలితం. 2023 మార్చిలో మారకపు కంపెనీలని నల్లడబ్బు చట్టం కిందికి తెచ్చారు.

ఇదంతా విని 'మాకెందుకమ్మా ఈ గొడవ, మేం బిట్‌కాయిన్లు కొంటామా అమ్ముతామా' అంటారేమో. ఆగండి. పోపుల డబ్బా సంగతి రానేలేదు.

మా సీమలో ఆడదాని గుట్టు డబ్బు ఆవాల కిందా, ధనియాల కిందా వుంటుంది. మా జేజి రవికెలో చిన్న గుడ్డసంచి పెట్టుకునేది. కరువేడు ఆ సంచే ఇల్లు నడిపేదని మా అమ్మ చెప్పేది. దాన్ని దొంగసొమ్ము అందామా? తాగొచ్చే మొగుడి నుంచీ, అప్పులవాడి నుంచీ, పండగకొచ్చి అడిగే ఆడబిడ్డ నుంచీ దాచి, పిల్లవాడి ఫీజుకో ముసలామె మందుకో మిగిల్చే సొమ్మది. 2016 నవంబరు 8 రాత్రి అయిదువందలూ వెయ్యీ నోట్లు చెల్లవన్నప్పుడు, దేశంలో ఎన్ని లక్షల పోపుల డబ్బాలు ఒక్కసారిగా బోర్లా పడ్డాయో తలుచుకోండి! నల్లడబ్బుకి వేసిన వల అది. గృహిణులు రెండున్నర లక్షల దాకా బాంకులో వేసుకుంటే ఆరా తియ్యమని ప్రభుత్వమూ చెప్పింది. కానీ ఆరా తీసేది ఆదాయప్పన్నువాళ్ళు కాదే! ఇంట్లో మొగుడు కదా! "ఇంత దుడ్డు నీకి యాడిదే?" అన్న ప్రశ్నకి ఏ సర్కారు మినహాయింపు ఇస్తుంది?

మరయితే గుట్టే గొప్పదా? అదీ కాదు. బండ్లపల్లికి రండి.

నార్పల మండలంలో ఆ పల్లె. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అక్కడే ప్రారంభించారు. దేశంలో ఇన్ని వూళ్ళుండగా మా కరువు సీమ పల్లెకి దక్కిన గౌరవం అది. అంతకు ముందు కరువు పనులంటే ఏమిటో మాకు తెలుసు. మస్టరులో వేలిముద్రలుంటాయి, ఆ వేళ్ళు వున్న మనుషులుండరు. చచ్చిపోయినవాళ్ళు మట్టి మోసేవాళ్ళు, పట్నంలో వున్నవాళ్ళు గుంతలు తవ్వేవాళ్ళు! ఈ పథకంలో కూలీ పోస్టాఫీసు, బాంకు ఖాతాల దారి పట్టింది. ఎవరెన్ని రోజులు పనిచేశారో, ఎంత వచ్చిందో ఎవరైనా చూసుకునేలా కంప్యూటర్లో పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ అని పెట్టి, ఇంటింటికీ తిరిగి అడిగి, నలుగురిలో పేరు పేరునా చదివి వినిపించారు. 'నీకు ఇరవై రోజుల కూలీ ముట్టినట్టు రాసుంది, ముట్టిందా?' అని అడిగితే, 'నాకు పదిదినాలదే ఇచ్చిరి' అని ఒక కూలి ఆడమనిషి అందరి ముందూ చెప్పగలిగింది. తరవాత వేలిముద్ర స్మార్ట్ కార్డులొచ్చాక కూలీ త్వరగా అందిందనీ, మధ్యలో కారిపోయేది తగ్గిందనీ పరిశీలించిన ఆర్థికవేత్తలు చెప్పారు. రట్టు వల్ల బీదవాళ్ళకి జరిగిన మేలు ఇది. లేపాక్షి బండ మీద రాజుల పేర్లకి దక్కిన చోటు, మట్టి మోసినవాళ్ళ పేర్లకీ దక్కింది.

కానీ అదే పుస్తకం ఇంకోవైపు నుంచి చూడండి. ఆమె కూలీ ఎప్పుడు పడిందో, ఎంత పడిందో వూరందరికీ తెలుసు. అప్పు ఇచ్చినవాడికీ తెలుసు, సారా దుకాణం దగ్గర కాచుకున్న పెనిమిటికీ తెలుసు. కాజేసేవాడి నుంచి కాపాడిన వెలుతురే, లాక్కునేవాడికి దారి చూపించింది.

ఎటూ తేలని చిక్కులా కనిపిస్తుంది గానీ, నాకు విరుపణ్ణ కథలోనే దారి దొరికింది. ఆయన మీద వచ్చిన నింద ఏమిటి? తన సొమ్ము దాచాడని కాదు. పరాయి సొమ్ము - ప్రజల సొమ్ము - అడక్కుండా వాడాడని. మేస్త్రీ చేతిలోని కూలీ డబ్బు, కరణం చేతిలోని పట్టా, మారకపు కంపెనీ చేతిలోని లక్షలమంది పొదుపు, ఇవన్నీ పరాయి సొమ్ములే. పరాయి సొమ్ము ముట్టినవాడి లెక్క రాతి మీదే వుండాలి. నలుగురూ చదవాలి. కష్టపడి సంపాదించుకున్న సొమ్ము, పన్ను కట్టగా మిగిలింది, పోపుల డబ్బాలో వుండే హక్కు దాని యజమానికుండాలి. ఆవిడ చెబితేనే తెలియాలి.

బిట్‌కాయిన్‌కి ఈ విచక్షణ లేదు. అది కూలివాడి పదిరూపాయల్నీ రాతి మీదే చెక్కుతుంది. మొనేరో దొంగల ముఠా సొమ్మునీ పోపుల డబ్బాలోనే దాస్తుంది. యంత్రానికి సొంతసొమ్మూ పరాయిసొమ్మూ ఒకటే. దారి చెబుతుంది, లేదా దారి దాస్తుంది. హక్కు సంగతి మాత్రం దానికి తెలీదు. ఆనాటి రాయికీ తెలీలేదుగా!

ఇంతా చెబితే మా కుర్రాడు తల గోక్కుని, "అయితే అత్తా, దీంట్లో దుడ్డు పెడ్తే మా నాయనకి తెలుస్తాదా?" అన్నాడు.

"తెలుస్తుందో లేదో గానీ, అది నీ దుడ్డా, మీ నాయన దుడ్డా?" అన్నాను.

మళ్ళీ మాట్లాడలేదు వాడు.